అమెరికా స్కూల్లో ఏడీహెచ్‌డీ పిల్లలకు సాయం: ఎలా అడగాలి, ఎలా రాయించుకోవాలి, ఎలా నిలబెట్టుకోవాలి

అమెరికాలోని తెలుగు ఇళ్ళలో ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, కుదురు లేకపోవడం లాంటి లక్షణాలుండే సమస్య) ప్రస్తావన వస్తే చాలామంది తల్లిదండ్రులు చెప్పేది ఇది: "ఈ ఏడాది టీచర్ చాలా మంచావిడండీ, మావాడిని బాగా చూసుకుంటోంది. ఫార్మల్‌గా ఏమీ అడగక్కర్లేదనిపించింది." ఆ ఏడాది నిజంగానే బాగా గడుస్తుంది. వేసవి సెలవులయ్యాక కొత్త క్లాసు, కొత్త టీచర్. ముందు వరసలో కూర్చోబెట్టడం, హోంవర్క్ బ్యాగులో పెట్టాడో లేదో చూడటం, పరీక్షలో కాస్త ఎక్కువ టైం ఇవ్వడం అన్నీ పాత టీచర్ తనంతట తాను చేసినవి. ఎక్కడా రాసి లేవు. కొత్తావిడకు వాటి సంగతి తెలియదు, తెలిసినా చేసి తీరాలన్న నియమం లేదు. అక్టోబరు కల్లా స్కూలు నుంచి ఫోన్లు మొదలవుతాయి.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఇదే. పిల్లలకు అందే సాయం చట్టం కింద కాగితం మీదకు రావాలి, ఆ కాగితాన్ని ఏటా మీరే బయటికి తీయాలి. ఏ వరుసలో ఏం చేయాలో కింద రాస్తున్నాను. ఇది పబ్లిక్ స్కూళ్ళ పద్ధతి. ప్రైవేటు స్కూళ్ళలో హక్కులు బాగా తక్కువ. అయినా అక్కడి పిల్లలకు కూడా ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్‌ని (అక్కడి ప్రభుత్వ బడులను నడిపే సంస్థని) ఎవాల్యుయేషన్, అంటే పిల్లవాడికి ఏ సాయం కావాలో తేల్చే పరీక్ష, అడగవచ్చు.

ముందు ఇంట్లో మాట తేలాలి

స్కూలుకు ఉత్తరం రాసే లోపే చాలా ఇళ్ళలో ఈ పని ఆగిపోతుంది. ఇండియా నుంచి వచ్చిన నాయనమ్మ "వాళ్ళ నాన్న చిన్నప్పుడు ఇంతకంటే ఎక్కువ అల్లరి చేసేవాడు, ఇప్పుడు బాగా లేడూ?" అంటుంది. ఆవిడ చెప్పింది నిజమే కావచ్చు. ఏడీహెచ్‌డీ వంశపారంపర్యంగా రావడం చాలా ఎక్కువ. తండ్రికి అప్పట్లో ఎవరూ పేరు పెట్టలేదు, ఆయన ఎంత కష్టపడి నెట్టుకొచ్చాడో ఎవరూ అడగలేదు. ఆ విషయం ఆయన్నే అడిగి చూడండి. చాలాసార్లు ఇంట్లో వాదన అక్కడితో చల్లబడుతుంది.

రెండో భయం "రికార్డులో పడిపోతుందేమో" అని. పిల్లల స్కూలు రికార్డులను కాపాడటానికి 1974 నాటి ఫెర్పా అనే చట్టం ఉంది. కాలేజీకి పంపే ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఫలానా విద్యార్థికి వైకల్యం ఉందని స్కూలు రాయకూడదు. వీసా భయం కూడా వింటుంటాను. వలస హోదా చూసి పిల్లలకు పబ్లిక్ స్కూలు చదువు నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 1982లోనే ప్లైలర్ వర్సెస్ డో కేసులో తీర్పు ఇచ్చింది. హెచ్1బీ మీద వచ్చామా, గ్రీన్‌కార్డు ఉందా అన్నదానితో ఈ హక్కుకు సంబంధం లేదు.

ఇంకోటి, ఆడపిల్లల గురించి. గెంతే పిల్లలే అందరి కళ్ళలో పడతారు. కిటికీలోంచి చూస్తూ కూర్చునే అమ్మాయిని "నెమ్మదస్తురాలు" అంటారు. ఏడీహెచ్‌డీలో అల్లరి లేకుండా ఏకాగ్రత లోపం మాత్రమే ఉండే రకం కూడా ఉంది. ఆ పిల్లలు బయటపడేసరికి మిడిల్ స్కూల్ వచ్చేస్తుంది. అప్పటికే "నేను మొద్దుని" అని మనసులో ముద్రపడి ఉంటుంది.

ఏ చట్టం కింద అడుగుతున్నామో తెలుసుకోండి

రెండు దారులున్నాయి. మొదటిది 1973 నాటి రిహాబిలిటేషన్ యాక్ట్‌లోని సెక్షన్ 504. దీని కింద వచ్చేది 504 ప్లాన్. పిల్లవాడు మామూలు క్లాసులోనే ఉంటాడు, చదువు మారదు, చదివే పద్ధతిలో, పరీక్ష రాసే పద్ధతిలో సర్దుబాట్లు ఉంటాయి. వీటినే ఎకామడేషన్స్ అంటారు.

రెండోది ఐడియా, అంటే వైకల్యం ఉన్న పిల్లల చదువుకు సంబంధించిన చట్టం. 1975లో వేరే పేరుతో మొదలై 1990లో ఈ పేరు తెచ్చుకుంది. దీని కింద వచ్చేది ఐఈపీ, అంటే ఆ పిల్లవాడి కోసమే రాసే చదువు ప్రణాళిక. ఇందులో సర్దుబాట్లతో పాటు ప్రత్యేక బోధన, కొలవగలిగే లక్ష్యాలు, అవసరమైతే కౌన్సెలింగ్, ఆక్యుపేషనల్ థెరపీ ఉంటాయి. ఏడీహెచ్‌డీ ఇందులో "అదర్ హెల్త్ ఇంపెయిర్‌మెంట్" అనే కేటగిరీలోకి వస్తుంది. ఐఈపీ బలమైనది. గడువులు, నోటీసులు, వివాదం వస్తే ఏం చేయాలన్నవి అన్నీ చట్టంలోనే ఉన్నాయి. 504లో నిబంధనలు వదులుగా ఉంటాయి, చాలావరకు డిస్ట్రిక్ట్ సొంత పద్ధతి నడుస్తుంది.

ఏది కావాలి? పిల్లవాడికి పాఠం అర్థమవుతోంది, అడ్డంకులు తీసేస్తే చాలు అనుకుంటే 504 సరిపోతుంది. పనిని మొదలుపెట్టడం, వస్తువులనూ పనులనూ పద్ధతిగా పెట్టుకోవడం, కోపం అదుపు చేసుకోవడం లాంటివి ఎవరో పక్కన ఉండి నేర్పాల్సి వస్తే, లేదా చదవడంలో, రాయడంలో కూడా ఇబ్బంది ఉంటే ఐఈపీ అడగండి. ఏడీహెచ్‌డీతో పాటు డిస్లెక్సియా (అక్షరాలు, పదాలు చదవడంలో ఇబ్బంది) ఉండటం అరుదేమీ కాదు. తేల్చుకోలేకపోతే రెండింటికీ కలిపి ఎవాల్యుయేషన్ అడగండి. స్కూల్లో చాలాసార్లు "ముందు 504తో మొదలుపెడదాం" అంటారు. వాళ్ళకు అది సులువు. మీ పిల్లవాడికి అది చాలుతుందో లేదో పరీక్షించి చూశాక తేలాల్సిన విషయం.

ఆధారాలు పోగు చేయండి

పీడియాట్రీషియన్ అపాయింట్‌మెంట్‌కు వెళ్ళేముందు నెల రోజులు చిన్న నోట్‌బుక్‌లో రాయండి. "శ్రద్ధ లేదు" అని కాదు, "20 నిమిషాల లెక్కల హోంవర్క్‌కు రెండు గంటలు, మూడుసార్లు లేచాడు, చివర్లో ఏడ్చాడు" అని. టీచర్ల ఈమెయిళ్ళు, రిపోర్టు కార్డుల మీద వాళ్ళు రాసిన వ్యాఖ్యలు, సగంలో వదిలేసిన వర్క్‌షీట్లు ఒక ఫోల్డర్‌లో పెట్టండి. కిండర్‌గార్టెన్ నుంచి ప్రతి టీచర్ "తెలివైనవాడే, కానీ..." అని రాసి ఉంటే, ఆ "కానీ" తర్వాతి వాక్యాలే మీకు అన్నిటికంటే బలమైన సాక్ష్యం.

డాక్టర్ మీకు, టీచర్‌కు వేర్వేరుగా ప్రశ్నాపత్రాలు ఇస్తారు. వాండర్‌బిల్ట్ స్కేల్ ఎక్కువగా వాడతారు. లక్షణాలు 12 ఏళ్ళ లోపే కనిపించాలి, కనీసం రెండు చోట్ల, అంటే ఇంట్లోనూ స్కూల్లోనూ ఉండాలి, కనీసం ఆరు నెలలుగా సాగుతుండాలి. ఒక్క పది నిమిషాల సంభాషణతో నిర్ధారణ చేసేస్తే మరొకరికి చూపించండి. నిద్ర, వినికిడి, చూపు సమస్యలు, ఆందోళన కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి. కారణం అవి కాదని ముందు తేల్చుకోవాలి.

మందుల నిర్ణయం మీరు, డాక్టర్ కలిసి తీసుకునేది. మందు వేస్తేనే స్కూలుకు రానిస్తామనో, ఎవాల్యుయేషన్ చేస్తామనో స్కూలు వాళ్ళు షరతు పెట్టకూడదు. ఐడియా చట్టానికి 2004లో చేసిన సవరణలో ఇది స్పష్టంగా ఉంది.

ఉత్తరం రాయండి

పేరెంట్-టీచర్ కాన్ఫరెన్స్‌లో నోటితో అడిగితే స్కూలుకు చట్టం పెట్టిన గడువు లెక్క మొదలవదు. తేదీ వేసిన ఉత్తరం లేదా ఈమెయిల్ పంపండి. ప్రిన్సిపాల్‌కు, స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కు, స్కూల్ కౌన్సెలర్‌కు ముగ్గురికీ ఒకేసారి వెళ్ళాలి. ఇంగ్లీషులో రాసే ఆ ఉత్తరంలో ఉండాల్సిన విషయం ఇంతే:

"మా అబ్బాయి ఫలానా తరగతిలో ఉన్నాడు. పని మొదలుపెట్టడంలో, పూర్తి చేయడంలో, ఏకాగ్రత నిలపడంలో అతనికి ఫలానా ఇబ్బందులు ఉన్నాయి. డాక్టర్ ఏడీహెచ్‌డీ అని నిర్ధారించారు, రిపోర్టు జతచేశాం. ఐడియా చట్టం కింద స్పెషల్ ఎడ్యుకేషన్‌కు, అలాగే సెక్షన్ 504 కింద అర్హత తేల్చడానికి సమగ్ర ఎవాల్యుయేషన్ చేయమని కోరుతున్నాం. సమ్మతి పత్రం పంపించండి. చేయకూడదని నిర్ణయిస్తే కారణాలతో రాతపూర్వక నోటీసు ఇవ్వండి."

చివరి వాక్యం తప్పకుండా ఉంచండి. ఐడియా కింద స్కూలు మీ కోరికను కాదంటే ఎందుకు కాదన్నదో, దేని ఆధారంగా కాదన్నదో రాసివ్వాలి. దాన్ని ప్రయర్ రిటెన్ నోటీస్ అంటారు. నోటితో తేలిగ్గా "అక్కర్లేదండీ" అనేవాళ్ళు కాగితం మీద కారణం రాయాల్సి వచ్చేసరికి ఆలోచిస్తారు.

గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో రాతపూర్వక కోరిక అందాక 15 స్కూలు రోజుల్లో జవాబు ఇవ్వాలి, మీరు సమ్మతి సంతకం పెట్టాక 45 స్కూలు రోజుల్లో రిపోర్టు పూర్తి కావాలి. కాలిఫోర్నియాలో 15 రోజుల్లో అసెస్‌మెంట్ ప్లాన్ పంపాలి, సంతకం తర్వాత మీటింగుతో సహా 60 రోజులు. న్యూజెర్సీలో 20 రోజుల్లో మీటింగ్, సమ్మతి తర్వాత 90 రోజుల్లో ఐఈపీ అమలు దాకా రావాలి. రాష్ట్రం సొంతంగా గడువు పెట్టుకోని చోట ఫెడరల్ నియమం ప్రకారం 60 రోజులు. సంతకం పెట్టిన తేదీ మీ క్యాలెండర్‌లో రాసుకోండి.

"మార్కులు బాగానే ఉన్నాయిగా" అంటే

తెలుగు పిల్లల విషయంలో ఎక్కువగా ఎదురయ్యే అడ్డంకి ఇదే. ఇంట్లో అమ్మానాన్నల్లో ఒకరు రోజూ మూడు గంటలు పక్కన కూర్చుని చదివిస్తారు, వారాంతంలో ట్యూషన్, మార్కులు "ఏ"లు, "బీ"లు. స్కూలు ఆ మార్కులు చూసి అర్హత లేదంటుంది. మన శ్రమే మన పిల్లవాడి కష్టాన్ని కప్పేస్తుంది.

చట్టం అలా చూడమనలేదు. వైకల్యం ఉన్నవారి హక్కుల చట్టం ఏడీఏకు 2008లో చేసిన సవరణలు ఏకాగ్రత, ఆలోచన, చదవడం, నేర్చుకోవడం అన్నిటినీ ముఖ్య జీవన కార్యకలాపాలుగా గుర్తించాయి. మందు వల్లనో మరో సాయం వల్లనో వచ్చిన మెరుగుదలను పక్కనపెట్టి అర్హత చూడాలని చెప్పాయి. 2016 జూలైలో కేంద్ర విద్యాశాఖలోని పౌరహక్కుల కార్యాలయం ఏడీహెచ్‌డీ మీదే ప్రత్యేకంగా స్కూళ్ళకు ఉత్తరం రాసింది. మంచి మార్కులు వస్తున్నంత మాత్రాన అర్హత లేదనకూడదని, వైద్య పరీక్ష అవసరమని స్కూలే అనుకుంటే ఆ ఖర్చు తల్లిదండ్రుల మీద వేయకూడదని అందులో ఉంది. స్కూళ్ళలో వైకల్య వివక్ష మీద అంతకుముందు ఐదేళ్ళలో వచ్చిన ఫిర్యాదుల్లో పదో వంతు కంటే ఎక్కువ ఏడీహెచ్‌డీకి సంబంధించినవేనని కూడా అది చెప్పింది.

కాబట్టి ఇంట్లో మీరు పడుతున్న పాట్లు లెక్క కట్టి చూపించండి. ఒక వారం పాటు ఏ హోంవర్క్‌కు ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు గుర్తుచేశారు, ఏ పని మీరే చేసిపెట్టారు. ఇది చెప్పడానికి మనవాళ్ళు సిగ్గుపడతారు. పడకండి. ఆ వివరం లేకపోతే స్కూలుకు సగం చిత్రమే కనిపిస్తుంది.

"ముందు ఆర్‌టీఐ పెట్టి చూద్దాం, తర్వాత ఎవాల్యుయేషన్" అనే జవాబు కూడా వస్తుంది. ఆర్‌టీఐ అంటే క్లాసులోనే దశలవారీగా ఇచ్చే అదనపు సాయం. మంచిదే, ఇవ్వనివ్వండి. దాన్ని సాకుగా చూపి ఎవాల్యుయేషన్ ఆపకూడదని 2011 జనవరిలోనే కేంద్ర విద్యాశాఖ మెమో ఇచ్చింది. రెండూ పక్కపక్కన నడవొచ్చు.

ఇంట్లో తెలుగు మాట్లాడతారు కాబట్టి ఇది భాష సమస్యేమో అనేవాళ్ళూ ఉంటారు. పిల్లవాడికి రెండు భాషల్లోనూ అదే ఇబ్బంది ఉందా అన్నది చూడాలి. తెలుగులో కథ చెప్తున్నా మధ్యలో లేచి వెళ్ళిపోతుంటే అది ఇంగ్లీషు లోపం కాదు. ఆ సంగతి రాసి ఇవ్వండి. దీనికోసం ఇంట్లో తెలుగు మానేయక్కర్లేదు.

మీటింగులో

ఒక్కరే వెళ్ళకండి. అవతలివైపు టీచర్, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్, సైకాలజిస్ట్, డిస్ట్రిక్ట్ ప్రతినిధి ఉంటారు. ఈ బృందాన్ని టెక్సస్‌లో ఏఆర్‌డీ కమిటీ అంటారు, న్యూజెర్సీలో చైల్డ్ స్టడీ టీమ్ పేరు వినిపిస్తుంది. భార్యాభర్తలిద్దరూ వెళ్ళండి, కుదరకపోతే ఒక స్నేహితురాలినైనా నోట్స్ రాయడానికి తీసుకెళ్ళండి. తల్లికి ఇంగ్లీషులో ఇబ్బందిగా ఉంటే ఐఈపీ మీటింగుకు దుబాసీని స్కూలే ఏర్పాటు చేయాలి. ముందుగా అడగండి, తెలుగు అని స్పష్టంగా చెప్పండి. లేకపోతే హిందీ దుబాసీ వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది.

ఎవాల్యుయేషన్ రిపోర్టు మీటింగుకు కొన్ని రోజుల ముందే పంపమనండి. అప్పటికప్పుడు ముప్ఫై పేజీలు చేతిలో పెడితే ఏమీ ఎక్కదు. స్కూలు ఎవాల్యుయేషన్‌తో మీరు ఏకీభవించకపోతే డిస్ట్రిక్ట్ ఖర్చుతో బయటి నిపుణుడి చేత స్వతంత్ర ఎవాల్యుయేషన్ చేయించమని అడగవచ్చు. అప్పుడు స్కూలుకు ఉన్న దారులు రెండే: డబ్బు కట్టడం, లేదా తన రిపోర్టు సరైనదేనని హియరింగ్‌లో, అంటే ఇలాంటి వివాదాలు విని తేల్చే అధికారి ముందు, నిరూపించుకోవడం.

అక్కడే సంతకం పెట్టేయాలన్న మొహమాటం వద్దు. "ఇంటికి తీసుకెళ్ళి చదివి చెప్తాం" అనండి. నవ్వుతూనే అనవచ్చు. టీచర్లు మనకు శత్రువులు కారు, ఆ ఒక్కావిడే పాతికమంది పిల్లల్ని చూస్తోంది. మీ గట్టిదనమంతా కాగితం మీద ఉండనివ్వండి, మాటలో మర్యాద ఉండనివ్వండి.

ప్లాన్‌లో ఏం రాయించాలి

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి, ఎందుకంటే పేరుకు ప్లాన్ ఉండి పనికిరానివి చాలా చూశాను. అన్నిటికీ మూలం "అవసరాన్ని బట్టి" అనే ఒక్క మాట. ఎవరికి అవసరం, ఎవరు నిర్ణయిస్తారు? ఏడీహెచ్‌డీ ఉన్న తొమ్మిదేళ్ళ పిల్లవాడు చెయ్యెత్తి "నాకు ఇప్పుడు అదనపు టైం కావాలి" అని అడగడు. ఆ మాట కొట్టేయించి ఎవరు, ఎప్పుడు, ఎలా అన్నది రాయించండి.

"ఆర్గనైజేషన్‌లో సాయం" అని ఉంటే, "రోజూ చివరి పీరియడ్‌లో హోంరూమ్ టీచర్ ప్లానర్ చూసి, కావాల్సిన పుస్తకాలు బ్యాగులో ఉన్నాయో లేదో సరిచూస్తారు" అని మార్పించండి. "సూచనలు సరళంగా" అని ఉంటే, "ఒకసారికి రెండు సూచనలకు మించకుండా, నోటితోనూ రాతలోనూ ఇచ్చి, విద్యార్థి చేత తిరిగి చెప్పిస్తారు" అని. "ఎక్కువ టైం" అని ఉంటే, "అన్ని క్లాస్ టెస్టులకు ఒకటిన్నర రెట్లు, చిన్న గ్రూపు గదిలో" అని.

అదనపు టైం గురించి ఒక మాట. అందరూ మొదట అడిగేది అదే, చాలా ప్లాన్లలో ఉండేదీ అదొక్కటే. ఏకాగ్రత నిలవని పిల్లవాడికి గంట బదులు గంటన్నర ఇస్తే, కొందరు ఆ అరగంట కూడా పెన్సిల్ చెక్కుతూ గడిపేస్తారు. మధ్యలో చిన్న విరామాలు, పరీక్షను రెండు ముక్కలు చేయడం, తలుపుకు దూరంగా సీటు లాంటివి తోడైతేనే ఆ టైం పనికొస్తుంది. చిన్న పిల్లలకు నేను అన్నిటికంటే ముందు అడగమనేది డైలీ రిపోర్ట్ కార్డ్. మూడు నాలుగు చిన్న లక్ష్యాలు పెట్టి టీచర్ రోజూ టిక్కు పెట్టి ఇంటికి పంపుతారు, ఇంట్లో దానికి చిన్న బహుమతి ఉంటుంది. దీని మీద ఏళ్ళ తరబడి పరిశోధన జరిగింది, ఫలితం కనిపించింది, టీచర్‌కు రోజుకు రెండు నిమిషాల పని.

రీసెస్ తీసేసే శిక్ష వేయకూడదని కూడా రాయించండి. కదలకుండా కూర్చోలేని పిల్లవాడికి ఆడుకునే ఆ ఇరవై నిమిషాలు తీసేస్తే మధ్యాహ్నమంతా మరింత కష్టం.

ఐఈపీ అయితే లక్ష్యాలను కొలవగలగాలి. "ఏకాగ్రత మెరుగుపడుతుంది" అనేది లక్ష్యం కాదు. "ఇచ్చిన పది పనుల్లో ఎనిమిదింటిని ఒక్కసారి మాత్రమే గుర్తుచేస్తే గడువులోగా అప్పగిస్తాడు, ప్రస్తుతం నాలుగు" అంటే ఎవరైనా లెక్కపెట్టవచ్చు.

నిలబెట్టుకోవడం

ప్లాన్ సంతకాలయ్యాక చాలామంది ఊపిరి పీల్చుకుని వదిలేస్తారు. కాగితం దానంతట అది నడవదు.

స్కూళ్ళు తెరిచే వారంలోనే ప్రతి టీచర్‌కు చిన్న ఈమెయిల్ పంపండి: పిల్లవాడి పేరు, అతనికి బాగా వచ్చేది ఒకటి, కష్టమైనది ఒకటి, ప్లాన్ జతచేయడం. మిడిల్ స్కూల్ నుంచి టీచర్లు ఆరేడుగురు ఉంటారు. ఆర్ట్, పీఈ టీచర్లను మరచిపోకండి, గొడవలు ఎక్కువగా వచ్చేది అక్కడే. నెల తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: "ప్లాన్‌లోని వాటిలో ఏవి జరుగుతున్నాయి, ఏవి కుదరడం లేదు?" తప్పు పట్టే ధోరణిలో అడగకపోతే నిజం చెప్తారు.

ఫోన్లో, కారిడార్లో మాట్లాడినది ఆ రాత్రే ఈమెయిల్‌లో పెట్టండి: "ఈరోజు మనం అనుకున్నది ఇది, నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?" రికార్డు పుట్టేది ఇలాగే. పిల్లల ఫైలు చూపించమని అడిగితే ఫెర్పా ప్రకారం 45 రోజుల్లోపు చూపించాలి. ఏడాదికోసారి అడిగి చూడండి.

ఐఈపీకి ఏటా రివ్యూ, కనీసం మూడేళ్ళకోసారి మళ్ళీ ఎవాల్యుయేషన్ ఉంటాయి. మధ్యలో ఎప్పుడైనా మీటింగ్ అడగవచ్చు. "బాగా చేస్తున్నాడు, ఇక ప్లాన్ అక్కర్లేదు" అన్నప్పుడు జాగ్రత్త. ప్లాన్ ఉండబట్టే బాగా చేస్తున్నాడేమో. ఏ ఎవాల్యుయేషన్ ఆధారంగా తీసేస్తున్నారో అడగండి. ముఖ్యంగా ఐదు నుంచి ఆరో క్లాసుకు, ఎనిమిది నుంచి తొమ్మిదికి మారే ఏడాది ఏదీ తీసేయనివ్వకండి. పుస్తకాలు, పనులు పద్ధతిగా పెట్టుకోవాల్సిన భారం అప్పుడే ఒక్కసారిగా పెరుగుతుంది.

ఉద్యోగాలు మారి ఊళ్ళు మారడం మనకు మామూలే. ఐఈపీతో కొత్త డిస్ట్రిక్ట్‌కు వెళితే, వాళ్ళు సొంత నిర్ణయం తీసుకునే దాకా పాతదానికి సమానమైన సేవలు ఇవ్వాలి. రికార్డులు డిస్ట్రిక్టుల మధ్య నెమ్మదిగా కదులుతాయి. ఐఈపీ, తాజా ఎవాల్యుయేషన్, డాక్టర్ రిపోర్టు కాపీలు సామానుతో కాకుండా మీ చేతి బ్యాగులో పెట్టుకుని, చేర్పించే రోజే ఇచ్చి రసీదు తీసుకోండి.

క్రమశిక్షణ విషయం వస్తే ఒకటి గుర్తుంచుకోండి. సస్పెన్షన్ వరుసగా 10 స్కూలు రోజులు దాటితే, ఆ ప్రవర్తన వైకల్యం వల్ల వచ్చిందా అని తేల్చే మీటింగ్ జరగాలి. "ఈరోజు కాస్త ముందుగా తీసుకెళ్ళండి" అని తరచూ ఫోన్ చేస్తుంటే అవి కూడా తేదీలతో రాసుకోండి.

వినకపోతే

మొదట స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌తో మాట్లాడండి. లాయర్ కంటే ముందు పేరెంట్ ట్రైనింగ్ సెంటర్‌కు ఫోన్ చేయండి. ఐడియా చట్టం నిధులతో ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒకటి ఉంటుంది, సాయం ఉచితం. న్యూజెర్సీలో స్పాన్, టెక్సస్‌లో పార్ట్‌నర్స్ రిసోర్స్ నెట్‌వర్క్, మిన్నెసోటాలో పేసర్ ఉన్నాయి. అప్పటికీ కదలకపోతే రాష్ట్ర విద్యాశాఖకు ఫిర్యాదు చేయవచ్చు. జరిగిన ఏడాదిలోపు చేయాలి, సాధారణంగా 60 రోజుల్లో తేల్చాలి. 504 విషయంలో పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజుల్లోపు వెళ్ళాలి. మీడియేషన్ (మధ్యవర్తి సాయంతో రాజీ), డ్యూ ప్రాసెస్ హియరింగ్ (ఇందాక చెప్పిన విచారణ) కూడా ఉన్నాయి. హియరింగ్ నడుస్తున్నంత కాలం పాత ఐఈపీయే కొనసాగుతుంది.

పెద్దయ్యేకొద్దీ

మిడిల్ స్కూల్ నుంచి పిల్లవాడిని మీటింగులో కాసేపైనా కూర్చోబెట్టండి. తన ప్లాన్‌లో ఏముందో తనకు తెలియాలి. కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్‌ఏటీలో ఎకామడేషన్స్‌కు, ఆ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డ్ అనుమతి విడిగా కావాలి. దరఖాస్తును స్కూల్లో ఈ పని చూసే ఎస్‌ఎస్‌డీ కోఆర్డినేటర్ ద్వారా పంపాలి, ఏడు వారాల దాకా పట్టవచ్చు. స్కూల్లో ఏళ్ళుగా వాడుతున్న సర్దుబాటే అయితే అనుమతి సులువు. పదకొండో క్లాసులో హఠాత్తుగా అడిగితే ఇబ్బంది.

18 నిండాక చాలా రాష్ట్రాల్లో ఈ హక్కులు పిల్లల చేతికి వెళతాయి. కాలేజీలో ఐఈపీ ఉండదు, మీరు రాసే ఉత్తరం అక్కడ చెల్లదు. డిజెబిలిటీ ఆఫీసుకు తనే వెళ్ళి, తాజా ఎవాల్యుయేషన్ చూపించి అడగాలి. అందుకని పన్నెండో క్లాసు అయ్యేలోపు స్కూలు చేత చివరిసారి ఎవాల్యుయేషన్ చేయించమని అడగండి, ఆ రిపోర్టు కాపీ పిల్లల ఈమెయిల్‌కు పంపి ఉంచండి.